అవే ముక్కలు, వేరే వేలం: బ్రిడ్జిలో బిడ్, లీడ్ ఎంచుకోవడం ఎలా

మన వైపు పేక అంటే ముందు గుర్తొచ్చేది రమ్మీయే. విజయవాడలోనూ గుంటూరులోనూ బ్రిడ్జి బల్ల దగ్గర కూర్చునేవాళ్లలో ఏళ్ల తరబడి రమ్మీ ఆడి, ఆ తర్వాత ఇటు మళ్లినవాళ్లు చాలామందే కనిపిస్తారు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవడం, ఎదుటివాడు ఏం పారేస్తున్నాడో కనిపెట్టడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. చిక్కు వచ్చేది వేరే చోట. రమ్మీలో నోరు విప్పే పనే లేదు. బ్రిడ్జిలో సగం ఆట ఒక్క ముక్క కూడా పడకముందే, వేలంలోనే నడిచిపోతుంది. ఆ వేలం పాట మీ పార్ట్‌నర్‌తో పాటు ప్రత్యర్థులిద్దరూ వింటారు.

అందుకని బిడ్‌నీ (వేలంలో పలికే మాట) లీడ్‌నీ (ఆటలో మొట్టమొదట వేసే ముక్క) విడివిడి పాఠాలుగా నేర్చుకోవడం నాకు నచ్చదు. బిడ్ ఎంచుకునేటప్పుడు, ఇది పార్ట్‌నర్‌కి ఎంత పనికొస్తుంది, లీడ్ వేసేవాడికి ఎంత పనికొస్తుంది అని రెండూ చూసుకోవాలి. లీడ్ మీ వంతైతే, వాళ్లు ఏం చెప్పారు, చెప్పే వీలుండి కూడా ఏం చెప్పలేదు అని చూడాలి. కింద ఇచ్చిన పోలికలన్నీ ఈ లెక్క మీద నడిచేవే. పాయింట్లు (ఆసు 4, రాజు 3, రాణి 2, జాకీ 1), డమ్మీ, తురుపు, గేమ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను.

పేకాట అనగానే ఇంట్లోవాళ్లు మొహం చిట్లిస్తే చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉంది. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా తేల్చింది. అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జి పంపకంలో ఉండే అదృష్టం లాంటిదేనని కూడా అంది. డూప్లికేట్ బ్రిడ్జిలో ఆ కాస్త అదృష్టానికీ పెద్దగా చోటు మిగల్లేదు. మీకు వచ్చిన ముక్కలే పక్క బల్ల మీద మీ దిక్కున కూర్చున్నవాళ్లకీ వస్తాయి, మీ స్కోరుని వాళ్ల స్కోరుతో పోలుస్తారు. ముక్కలు బాగా రాలేదని సాకు చెప్పే వీలుండదు. వయసు మీద పడిందన్న సాకూ చెల్లదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల స్వర్ణం గెలిచిన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్‌లలో బర్ధన్‌గారికి అప్పటికి అరవై ఏళ్లు.

ముందు పద్ధతి: స్టాండర్డా, ఎకోలా, ప్రెసిషనా

మన దేశంలో మీకు ఎదురయ్యే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది అమెరికన్ స్టాండర్డ్: ఇస్పేటు గానీ ఆఠీను గానీ ఓపెన్ చేస్తే (దానితో వేలం మొదలుపెడితే) చేతిలో ఐదు ముక్కలు ఉన్నట్టు, 1 నోట్రంప్ (తురుపు లేని ఆట) అంటే 15–17 పాయింట్లు ఉన్నట్టు. రెండోది ఇంగ్లాండ్‌లో పుట్టిన ఎకోల్. ఇందులో నాలుగు ముక్కలతోనే ఇస్పేటు, ఆఠీను ఓపెన్ చేస్తారు, 1 నోట్రంప్ సాధారణంగా 12–14. మూడోది ప్రెసిషన్. సి.సి. వే తయారుచేసిన ఈ పద్ధతిలో 16, ఆపైన పాయింట్లున్న చేతులు దాదాపు అన్నీ 1 కళావరుతో మొదలవుతాయి. 1969లో తైవాన్ జట్టు దీన్ని ఆడే బెర్ముడా బౌల్ (ప్రపంచ జట్ల చాంపియన్‌షిప్) ఫైనల్ దాకా వెళ్లి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది.

కొత్త జంటకి నా సలహా స్టాండర్డే. ప్రెసిషన్ కన్నా అది గొప్పదని కాదు. ఆరోజు మీ పార్ట్‌నర్ ఏదో పెళ్లికి తెనాలి వెళ్లి రాలేకపోతే, అక్కడున్న ఎవరితోనైనా కూర్చుని ఆడుకోవచ్చు. ఫోన్‌లో రోబోలతో ఆడినా చాలావరకు అదే భాష. ప్రెసిషన్‌లో 1 కళావరు తర్వాత ఎదుటివాళ్లు మధ్యలో దూరి 2 ఇస్పేట్లో 3 డైమండ్లో అంటే ఏం చెయ్యాలన్నది ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. అలా మాట్లాడుకోని ప్రెసిషన్ జంట, మామూలు స్టాండర్డ్ జంట కన్నా ఘోరంగా దెబ్బతింటుంది. వారం వారం ఒకే పార్ట్‌నర్‌తో ఆడుతూ, ఆట అయ్యాక మరో అరగంట కూర్చునే ఓపిక ఇద్దరికీ ఉంటే మాత్రం నిస్సందేహంగా ప్రెసిషన్‌కి వెళ్లొచ్చు. దాని వల్ల వచ్చే పెద్ద లాభం 1 కళావరులో లేదు. మిగతా ఓపెనింగులన్నీ 15 దాటవని తెలియడంలో ఉంది.

1 నోట్రంప్‌కి 15–17 మంచిదా 12–14 మంచిదా అన్నది ఇంకో పాత తగువు. ఒక చేతికి 12–14 పాయింట్లు వచ్చే అవకాశం సుమారు 20.6 శాతం, 15–17 వచ్చే అవకాశం 10.1 శాతం. అంటే బలహీన నోట్రంప్ రెండింతలు తరచుగా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ప్రత్యర్థులకి ఒకటో మెట్టు మీద మాట్లాడే చోటు లేకుండా చేస్తుంది. కానీ వల్నరబుల్‌గా (బోనస్, జరిమానా రెండూ పెరిగే స్థితిలో) ఉన్నప్పుడు డబుల్ (ఓడిస్తామని ప్రత్యర్థులు చేసే సవాలు) పడితే, ఒక్క ట్రిక్కు (నలుగురూ తలో ముక్క వేసే రౌండు) తగ్గినా 200, రెండు తగ్గితే 500. నాన్‌వల్నరబుల్‌లో 12–14, వల్నరబుల్‌లో 15–17 అని ఆడే జంటలూ ఉన్నాయి. అది తెలివైన ఏర్పాటే గానీ, ఆ బోర్డులో ఎవరు వల్నరబులో చూడకుండా బిడ్ పెట్టెలో చెయ్యి పెట్టే అలవాటున్నవాళ్లకి వద్దు.

ఆహ్వానమా, నేరుగా గేమా

పార్ట్‌నర్ 15–17తో 1 నోట్రంప్ అన్నాడు. మీ చేతిలో 9 పాయింట్లు. 2 నోట్రంప్ అని ఆహ్వానించాలా, నేరుగా 3 అనేయాలా, పాస్ చెప్పాలా? రెండు చేతులు చూడండి.

మొదటిది: ఇస్పేటు రాజు 6 3, ఆఠీను రాణి జాకీ 2, డైమండ్ రాణి 5 4, కళావరు జాకీ 7 6 3.
రెండోది: ఇస్పేటు ఆసు 6, ఆఠీను 10 8 4, డైమండ్ రాజు రాణి 10 9 5, కళావరు 10 7 3.

పాయింట్ల లెక్కలో రెండూ సమానమే. ఆటలో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం. రెండోదాంట్లో ఐదు ముక్కల డైమండ్ సూట్ ఉంది, దాన్ని అందుకోవడానికి పక్క సూట్‌లో ఆసు ఉంది, నాలుగు సూట్లలో మూడింట పదులున్నాయి. పార్ట్‌నర్ దగ్గర డైమండ్ ఆసుతో పాటు ఒక్క చిన్న ముక్క ఉన్నా నాలుగైదు ట్రిక్కులు అక్కడే వస్తాయి. మొదటిదాంట్లో ఆసు లేదు, పొడుగు సూట్ లేదు, రాణులూ జాకీలూ పొట్టి సూట్లలో ఇరుక్కుని ఉన్నాయి. రెండోదానితో నేను ఎప్పుడైనా 3 నోట్రంప్ అనేస్తాను. మొదటిదానితో జంటల పోటీలో పాస్, జట్ల పోటీలో వల్నరబుల్‌గా ఉంటే ఆహ్వానం.

జట్ల పోటీ, జంటల పోటీ అని ఎందుకు విడగొట్టానంటే స్కోరు లెక్క వేరు కాబట్టి. జట్ల పోటీలో తేడాలని ఇంప్‌లుగా (తేడాని కుదించి చెప్పే పాయింట్లుగా) మారుస్తారు. వల్నరబుల్‌గా మీరు 4 ఆఠీన్లు ఆడి గెలిస్తే 620. పక్క బల్ల వాళ్లు 3 దగ్గర ఆగి అవే పది ట్రిక్కులు చేస్తే 170. తేడా 450, అంటే 10 ఇంప్‌లు మీకు. అదే మీకు ఒక ట్రిక్కు తగ్గితే మీకు మైనస్ 100, వాళ్లకి 140, తేడా 240, అంటే 6 ఇంప్‌లు పోతాయి. పది రావడానికి ఆరు ఒడ్డుతున్నారు కాబట్టి, గేమ్ గెలిచే అవకాశం 37.5 శాతం దాటితే చాలు, బిడ్ చెయ్యడమే లాభం. నాన్‌వల్నరబుల్‌లో వచ్చేది 6, పోయేది 5, గీత 45 శాతం దగ్గర ఉంటుంది. జంటల పోటీలో ఎంత తేడాతో గెలిచారన్నది ఎవరూ చూడరు, ఎంతమంది మీద గెలిచారన్నదే లెక్క. అక్కడ గీత దాదాపు 50.

ఈ అంకెలు బల్ల దగ్గర ఎలా వాడుకోవాలంటే: ఒక్క ఫినెస్ (ప్రత్యర్థుల పెద్ద ముక్క ఫలానా వైపు ఉందని నమ్మి ఆడే ఎత్తు) తగిలితే చాలన్న గేమ్ 50 శాతం. రెండు ఫినెస్‌లూ తగలాల్సిన గేమ్ 25. ఎదుటివాళ్ల దగ్గర ఉన్న ఐదు ముక్కలు 3–2గా పడితే చాలన్న గేమ్ 68. డమ్మీ పరిచాక ఆ ఆట ఏ రకందో చూసి మనసులో వేసుకుంటూ పోతే, కొన్నాళ్లకి బిడ్ చేసేటప్పుడే అంచనా వచ్చేస్తుంది.

ఇక ఆహ్వానానికి ఉన్న అసలు ఖరీదు. మీరు 2 నోట్రంప్ అని, పార్ట్‌నర్ 3 అంటే, మీ బలం అంతంత మాత్రమేనని లీడ్ వేసేవాడికి తెలిసిపోతుంది. గేమ్‌కి కావలసిన 25కి అటూ ఇటూగా ఉన్నారు, ముక్కలు వాళ్లకి అనుకూలంగా లేకపోతే దొరికిపోతారు అని లెక్క వేసుకుని, కొత్తగా ట్రిక్కు ఇచ్చే ప్రమాదం లేని లీడ్ వేసి కూర్చుంటాడు. అదే 1 నోట్రంప్ – 3 నోట్రంప్ అన్నప్పుడు మీకు 9 ఉన్నాయో 14 ఉన్నాయో వాడికి తెలియదు. ఇస్పేటు విషయంలోనూ అంతే. పార్ట్‌నర్ 1 ఇస్పేటు అన్నాక నాలుగు ముక్కల మద్దతు, గేమ్‌కి సరిపడా బలం ఉండి, స్లామ్ (12 లేదా 13 ట్రిక్కుల ఆట) ఆశ ఏమీ లేకపోతే మధ్యలో కళావరు, డైమండ్ అంటూ కబుర్లు పెట్టుకోవద్దు. ఆ కబుర్లలో మీరు పేరెత్తని సూట్ ఏదో ఉంటుంది చూడండి, లీడ్ సరిగ్గా అదే వస్తుంది.

స్లామ్ ఆశ ఉన్నప్పుడు మాత్రం మాట్లాడాల్సిందే. అక్కడ పార్ట్‌నర్‌కి తెలియాల్సింది ఎక్కువ. చిన్న స్లామ్ బోనస్ నాన్‌వల్నరబుల్‌లో 500, వల్నరబుల్‌లో 750. నాలుగు మాటలు ఎక్కువ చెప్పి ఆ నష్టం భరించినా గిట్టుబాటే.

15–17 పాయింట్లు, 5–3–3–2 ఆకారం, ఐదు ముక్కలు ఇస్పేటులోనో ఆఠీనులోనో ఉంటే 1 నోట్రంప్ అనాలా, ఆ సూట్ అనాలా అని అడుగుతుంటారు. 1 నోట్రంప్ అనండి. తర్వాతి బిడ్‌కి ఇబ్బంది ఉండదు, పైగా మీ ఐదు ముక్కల సూట్‌లోకే ప్రత్యర్థి లీడ్ వేసే రోజులూ వస్తాయి.

మధ్యలో దూరడం: ఓవర్‌కాల్, డబుల్, పాస్

ప్రత్యర్థి 1 డైమండ్ ఓపెన్ చేశాడు. ఆఠీను ఆసు రాణి జాకీ 9 4తో కలిపి మొత్తం 8 పాయింట్లే ఉన్నా 1 ఆఠీను అనాలి. అదే ఆఠీను జాకీ 8 6 4 2తో, మిగతా సూట్లలో చెదిరిన 12 పాయింట్లతో 1 ఆఠీను అనడం నాకు నచ్చదు. పాయింట్లు ఎక్కువున్న చేతికి వద్దని, తక్కువున్న చేతికి సరే అంటున్నానేమిటని అనిపించొచ్చు. చివరికి ఎదుటివాళ్లు 3 నోట్రంప్ ఆడేటప్పుడు ఏమవుతుందో చూడండి. పార్ట్‌నర్ దగ్గర రాజు, ఒక చిన్న ముక్క ఉన్నాయి. మీ మాట నమ్మి రాజు వేస్తాడు. మొదటి చేతితో ఐదు ట్రిక్కులు దులిపేస్తారు. రెండో చేతితో, పార్ట్‌నర్ రాజుని మీరే గంగలో కలిపారు. ఓవర్‌కాల్ అంటే "ఇది వెయ్యి" అని పార్ట్‌నర్‌కి ముందే చెప్పి ఉంచడం. వేస్తే బాధపడే సూట్‌ని ఒకటో మెట్టు మీదైనా పలక్కూడదు. రెండో చేతిలో ఇస్పేటు, కళావరు కూడా మూడు నాలుగు ముక్కలుండి డైమండ్లు తక్కువైతే టేకౌట్ డబుల్ (మిగతా సూట్లలో ఒకటి ఎంచుకోమని పార్ట్‌నర్‌ని అడగడం), లేకపోతే పాస్.

పార్ట్ స్కోర్ల (గేమ్ కన్నా తక్కువ మెట్టు ఆటల) దగ్గర ఎంతదూరం పోటీ పడాలన్నదానికి ఫ్రాన్స్‌కి చెందిన వెర్న్ చెప్పిన లెక్క సులువైనది: మీ ఇద్దరికీ కలిపి ఎన్ని తురుపులుంటే అన్ని ట్రిక్కుల దాకా. ఎనిమిదుంటే రెండో మెట్టు (ఆరు పైన రెండు ట్రిక్కులు), తొమ్మిదుంటే మూడో మెట్టు. ఎదుటివాళ్లు 2 ఆఠీన్లు గెలిస్తే వాళ్లకి 110. మీరు నాన్‌వల్నరబుల్‌గా 2 ఇస్పేట్లకి వెళ్లి రెండు తగ్గినా 100. జంటల పోటీలో ఆ పది పాయింట్లే మంచి స్కోరు తెచ్చిపెడతాయి. వల్నరబుల్‌గా రెండు తగ్గితే 200. ఆ స్కోరు కనిపించిందంటే ఆ బోర్డు మీద ఆశ వదులుకోవచ్చు.

లీడ్: మీ ముక్కల కన్నా ముందు వేలం

ఆట అయ్యాక బల్లల దగ్గర తరచుగా వినిపించే సంభాషణ ఇది.

"మాస్టారూ, డైమండ్ ఎందుకేశారండీ?"

"నా చేతిలో పొడుగు సూట్ అదేనండీ."

ఆ జవాబులో తప్పేమీ లేదు, అసంపూర్ణం అంతే. నోట్రంప్ మీద పొడుగు సూట్‌లో నాలుగో ముక్క వేయాలని అందరం నేర్చుకున్నదే. అది ఎప్పుడు పనిచేస్తుంది? ఆ సూట్ పండాక మళ్లీ లోపలికి రావడానికి మీ దగ్గర ఓ ఆసో రాజో ఉన్నప్పుడు. ఈ చెయ్యి చూడండి:

ఇస్పేటు జాకీ 10 8, ఆఠీను 7 3, డైమండ్ రాణి 8 5 2, కళావరు 9 6 4 2.

మొదటి వేలం: మీ కుడివైపు 1 నోట్రంప్, ఎడమవైపు 3 నోట్రంప్, అంతే. వాళ్లిద్దరికీ కలిపి 25–27 అనుకుందాం. మీ దగ్గర 3. మిగిలిన 10–12 మీ పార్ట్‌నర్ దగ్గరున్నాయి. ఆట ఓడించేది ఆయనే, మీరు కాదు. మీ డైమండ్లు పండించినా వాటిని అందుకునే దారి మీకు లేదు. కాబట్టి ఆయన పొడుగు సూట్ ఏదో వెతకాలి. డమ్మీ దగ్గర నాలుగు ఇస్పేట్లో ఆఠీన్లో ఉంటే 2 కళావర్లు అని, నీకూ నాలుగున్నాయా అని అడిగి ఉండేవాడు. అడగలేదు. అంటే ఆ రెండు సూట్లలో మీ పార్ట్‌నర్‌కి పొడుగుండే అవకాశం ఎక్కువ. రెండింట్లో ఇస్పేటే మేలు, ఎందుకంటే జాకీ 10 8 ఆయన సూట్‌కి ఆసరా ఇస్తాయి. ఇస్పేటు జాకీ వేయండి. ఇలాంటి చేతులని కంప్యూటర్‌తో వేల పంపకాల మీద పరీక్షించిన విశ్లేషణల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. 1 నోట్రంప్ – 3 నోట్రంప్ మీద ఇస్పేటు, ఆఠీను లీడ్‌లు మనం అలవాటుగా అనుకునేదాని కన్నా బాగా పనిచేస్తాయి.

రెండో వేలం: 1 నోట్రంప్ – 2 కళావర్లు – 2 ఆఠీన్లు – 3 నోట్రంప్. ఓపెనర్‌కి నాలుగు ఆఠీన్లు ఉన్నాయి. డమ్మీ ఇస్పేటో ఆఠీనో నాలుగున్నాయా అని అడిగాడు, ఆఠీను దొరికినా ఒప్పుకోలేదు, అంటే ఉన్నవి నాలుగు ఇస్పేట్లు. ఇప్పుడు ఇస్పేటు జాకీ వేయడమంటే డమ్మీ సూట్‌కి వెళ్లి దారి చూపించడమే. వాళ్లు పలికిన రెండు సూట్లూ తీసేస్తే మిగిలింది డైమండ్, కళావరు. డైమండ్‌లో రాణి ఉంది, పార్ట్‌నర్ దగ్గర రాజో జాకీయో ఉంటే సూట్ కదులుతుంది. డైమండ్ 2.

మూడో వేలం: పార్ట్‌నర్ 1 ఆఠీను ఓపెన్ చేశాడు, మీ కుడివైపు 1 నోట్రంప్, ఎడమవైపు 3 నోట్రంప్. ఆఠీను 7. ఆలోచించే పని లేదు. 1 నోట్రంప్ అన్నవాడికి ఆఠీన్లు ఆపే ముక్క ఉందని తెలిసీ వేయాలి. మీరు వేరేది వేసి ఆట ఓడిస్తే పార్ట్‌నర్ ఏమీ అనడు, ఓడించలేకపోతే ఇంటిదాకా అంటాడు.

అవే పదమూడు ముక్కలు, మూడు వేలాలు, మూడు లీడ్‌లు.

తురుపు ఆటల మీద ఎంపిక ఇంకా చిక్కగా ఉంటుంది. మీ దగ్గర ఇస్పేటు 8 6 3, ఆఠీను రాణి 10 5, డైమండ్ రాజు జాకీ 9 4, కళావరు రాజు 7 2 ఉన్నాయి. వేలం 1 ఇస్పేటు – 1 నోట్రంప్ – 2 డైమండ్లు – 2 ఇస్పేట్లు. డమ్మీకి ఇస్పేట్లు రెండేసి ఉండొచ్చు, డైమండ్లు కూడా ఎక్కువ ఉండవు. డిక్లేరర్ (వేలం గెలిచి ఆట ఆడేవాడు) రెండో సూట్ డైమండ్, అది మీ చేతిలో గట్టిగా ఉంది. ఆయన చేయబోయేది ఒక్కటే: డైమండ్లని డమ్మీలో తురుపుతో కోసుకోవడం. చిన్న ఇస్పేటు వేసి ఆ తురుపులు లాగేయండి. ఇదే చేతితో వేలం 1 ఇస్పేటు – 2 ఇస్పేట్లు – 4 ఇస్పేట్లు అయితే ఆ తురుపు లీడ్‌కి కారణమే లేదు. అక్కడ రెండు రాజులూ ఒక రాణీ ఉన్న చెయ్యి కాబట్టి ఏది వేసినా కాస్త ప్రమాదమే, నేనైతే ఆఠీను వైపు వెళ్తాను. రాణి కింద నుంచి వేసి పోగొట్టుకునేది, రాజు కింద నుంచి వేసి పోగొట్టుకునేదాని కన్నా మామూలుగా తక్కువ.

సింగిల్టన్ (ఒక్క ముక్కే ఉన్న సూట్) చూడగానే చెయ్యి దురద పెట్టేవాళ్లకి మూడు ప్రశ్నలు. తురుపులో మీ దగ్గర ఆసు 6 3 లాంటివి ఉన్నాయా? ఉంటే మంచిది, తురుపులు అయిపోకముందే లోపలికి వచ్చి పార్ట్‌నర్‌ని అందుకోవచ్చు. రాణి జాకీ 9 ఉన్నాయా? అయితే ఆ తురుపులు ఎలాగూ ట్రిక్కు తెస్తాయి, కోతకి వాడితే కొత్తగా వచ్చేదేమీ లేదు. మీ దగ్గరే 14 పాయింట్లున్నాయా? ఎదుటివాళ్లు గేమ్ ఆడుతున్నారంటే పార్ట్‌నర్ దగ్గర ఏమీ మిగల్లేదు, మీకు కోత ఇవ్వడానికి లోపలికి ఎలా వస్తాడు? ఇక నాలుగు తురుపులుంటే సింగిల్టన్ జోలికే వెళ్లకుండా మీ పొడుగు సూట్ వేయడం మంచిది. డిక్లేరర్ దాన్ని కోస్తూ కోస్తూ తన తురుపుల మీద పట్టు పోగొట్టుకుంటాడు.

రాజు లేకుండా ఒంటరి ఆసు వేయడం మన బల్లల దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. ముందు చేతికొచ్చింది తీసేసుకుందాం అన్న తొందర. అలా వేసిన ఆసు రెండు మూడు చిన్న ముక్కల్ని పట్టుకుంటుంది, వెనకాల డిక్లేరర్ రాజూ రాణీ హాయిగా ట్రిక్కులైపోతాయి. తురుపు ఆట మీద ఆసుని దాచి దాని కింద చిన్న ముక్క వేయడం అంతకన్నా ప్రమాదం. ఆ సూట్‌నే వదిలేయడం ఉత్తమం. మినహాయింపులు లేకపోలేదు. ఎదుటివాడు నేరుగా 4 ఇస్పేట్లు అని ఓపెన్ చేసినప్పుడు గానీ, ఏడు ముక్కల గట్టి కళావరో డైమండో చేతిలో పెట్టుకుని 3 నోట్రంప్ ఓపెన్ చేసినప్పుడు గానీ ఆసు వేసి డమ్మీని ఒక్కసారి చూడటం మంచిది. ముఖ్యంగా ఆ రెండోదాంట్లో లోపలికి వచ్చాడంటే ఏడు ట్రిక్కులు వరసగా లాగేస్తాడు, మీకు రెండో అవకాశం ఉండదు.

స్లామ్‌ల మీద సూత్రం కాస్త తలకిందులుగా ఉంటుంది. 6 నోట్రంప్ మీద ఏమీ ఇవ్వని లీడ్ వెతకండి. వాళ్ల దగ్గర 33కి అటూ ఇటూగా ఉంటాయి, మీ రాణి కింద నుంచి వేస్తే ఫినెస్ వాళ్ల తరఫున మీరే చేసిపెట్టినట్టు. 6 ఇస్పేట్ల లాంటిదాని మీద, డమ్మీ దగ్గర పొడుగు పక్క సూట్ ఉందని వేలంలో తేలితే, రాజు కింద నుంచైనా దూకుడుగా వేయాలి. పార్ట్‌నర్ దగ్గర రాణి ఉంటే ఒక ట్రిక్కు ముందే తయారై ఉంటుంది. లేకపోతే ఆ పొడుగు సూట్ మీద డిక్లేరర్ తన చెత్తంతా పారేసుకుంటాడు. గ్రాండ్ స్లామ్ మీద భద్రమైన లీడే. పార్ట్‌నర్ స్లామ్‌ని డబుల్ చేస్తే అది లైట్నర్ డబుల్ అనుకోండి. మామూలు లీడ్ వద్దంటున్నాడు, సాధారణంగా డమ్మీ మొదట పలికిన పక్క సూట్ కావాలంటున్నాడు.

జంటల పోటీలో లీడ్ కాస్త పిరికిగా ఉన్నా తప్పు లేదు, ఒక్క అదనపు ట్రిక్కు ఇచ్చినా అక్కడ నష్టమే. జట్ల పోటీలో అదనపు ట్రిక్కు ఇస్తే పోయేది ఒక ఇంప్, గేమ్ ఓడిస్తే వచ్చేది పది పైన. అక్కడ ఓడించే దారి ఒక్కటి కనిపించినా ఆ దారే పట్టాలి.

ముక్కతో మాట్లాడటం

నాలుగో ముక్క లీడ్, మూడో–ఐదో ముక్క లీడ్ అని రెండు ఒప్పందాలు ఎక్కువగా కనిపిస్తాయి. నోట్రంప్ మీద నాలుగోదే ఉంచుకోండి. పార్ట్‌నర్ 7 వేస్తే 11లోంచి 7 తీసేయండి, మిగతా ముగ్గురి దగ్గరా కలిపి 7 కన్నా పెద్దవి నాలుగే ఉన్నాయి. డమ్మీవీ మీవీ చూసి డిక్లేరర్ దగ్గర ఎన్నో తేల్చేయొచ్చు. తురుపు ఆటల మీద మూడో–ఐదో లీడ్ ఎన్ని ముక్కలున్నాయో ఇంకా స్పష్టంగా చెబుతుంది. కానీ అది రెండో ఏడాది పాఠం.

సిగ్నల్స్‌లో పెద్ద ముక్క వేసి రమ్మనడం పాత పద్ధతి, చిన్న ముక్క వేసి రమ్మనడం తలకిందుల పద్ధతి. పనికొచ్చే పెద్ద ముక్క వృథా కాదు కాబట్టి రెండోదానికి కొంచెం ఎక్కువ మార్కులు వేస్తాను. ఏదైనా ఇద్దరూ ఒకటే ఆడాలి, అంతే.

సాధన: క్లబ్బా, ఫోనా

రోబోలతో ఆడితే ముక్కలాట మెరుగవుతుంది, వేలం అంతగా కాదు. రోబోకి మీ మీద కోపం రాదు, మీ అలవాట్లూ తెలియవు. లీడ్‌కి మాత్రం ఫోన్ మంచి గురువే. ఆట అయ్యాక ఏ లీడ్‌కి ఎన్ని ట్రిక్కులు వచ్చేవో చూపిస్తుంది. దాన్నీ పూర్తిగా నమ్మకండి. అది నాలుగు చేతులూ చూసి చెప్పే లెక్క. ఒక్క పంపకంలో సింగిల్టన్ రాజు వేస్తే గెలిచేవారని చూపించినంత మాత్రాన రేపు అలా వేయరు కదా. ఒకే రకం వేలం మీద పది పన్నెండు చేతులు పోగుచేసి చూస్తేనే ఏదైనా తెలిసేది.

వేలానికి మీ సొంత పార్ట్‌నరే కావాలి. ఒకరు గుంటూరు అరండల్‌పేటలో, ఇంకొకరు విజయవాడ లబ్బీపేటలో ఉన్నా ఇబ్బంది లేదు. మూడో మనిషి ఎవరైనా ముక్కలు పంచి, ఎవరి చెయ్యి వాళ్లకి విడిగా వాట్సాప్‌లో పంపితే చాలు. ఉమ్మడి గ్రూపులో వంతులవారీగా బిడ్‌లు రాసుకుంటూ పోవచ్చు. ఆఫీసు మధ్యలో కూడా నడుస్తుంది. వేలం అయ్యాక రెండు చేతులూ బయటపెట్టి, ప్రతి బిడ్ దగ్గరా ఎదుటివాళ్లు ఏం విని ఉంటారో ఒక ముక్క రాయండి. క్లబ్‌లో ఆడిన రోజున స్కోరు కాగితం వెనక లీడ్ ఒక్కటే రాసుకుంటే తర్వాత దేనికీ పనికిరాదు, పైన వేలం మొత్తం రాసి దాని కింద మీ పదమూడు ముక్కలూ, వేసిన లీడూ రాయండి. పార్ట్‌నర్‌తో వాదన మాత్రం బోర్డులన్నీ అయ్యాక, టీ దగ్గర పెట్టుకోండి.